మనుమలతో విహారము
(తాతలకు, నానమ్మలకు ఒక పాఠము)

విహారము అను మాటకు మన ఇండ్లలో రెండర్థములు వాడుకలో ఉన్నవి. తెలుగున విహారమనగా సరదాగా తిరిగి వచ్చుట. జైన కుటుంబములలో విహారమనగా సాధుసాధ్వులు చాతుర్మాసము ముగిసిన పిమ్మట ఊరినుండి ఊరికి కాలినడకను సాగించు ప్రయాణము. మొదటిదానిలో వేడుక ఉన్నది. రెండవదానిలో జాగ్రత్త ఉన్నది. ఈ రెండును కలియు సమయము గృహస్థుని జీవితమున ఒకటి కలదు. అది తాత తన మనుమలను వెంటబెట్టుకొని వీధిలోనికి బయలుదేరు సమయము.

మన వ్యాపార కుటుంబముల దినచర్య పాఠకులకు తెలియనిది కాదు. పిల్లల తండ్రి ఉదయము దుకాణమునకు వెళ్ళి, రాత్రి లెక్క చూచుకొని తలుపులు వేసి ఇంటికి చేరునప్పటికి పిల్లలు నిద్రపోవుదురు. తల్లికి ఇంటిపని, పిల్లల బడిపని, కొన్ని ఇండ్లలో దుకాణపు లెక్కలు కూడ ఉన్నవి. గద్దె దిగిన తాతకు మాత్రము సాయంకాలము ఖాళీగా నుండును. కావున పిల్లలకు ధర్మము చెప్పు భారము ఎవరును అప్పగింపకయే తాతమీద పడుచున్నది. దానిని ఆయన "అది తినకు, ఇది తాకకు, అక్కడికి పోకు" అను నిషేధముల పట్టికగా చదివి వినిపించునా, లేక పిల్లలు తామై అడిగి తెలిసికొనునట్లు చేయునా? పది పండ్రెండేండ్లు వచ్చునప్పటికి పిల్లలు ధర్మమును తమదిగా ఎంచుకొందురా, లేక పెద్దల కట్టుబాటుగా ఎంచి చాటున దాటిపోవుదురా? ఇది చాలవరకు ఆ సాయంకాలములమీదనే ఆధారపడి యున్నది.

నేను ఆదోనిలో బట్టల వ్యాపారము చేసినవాడను. ఇప్పుడు కుమారుని కుటుంబముతో బెంగుళూరునకు ఉత్తరమున నున్న యలహంకలో నివసించుచున్నాను. నాకు ముగ్గురు మనుమలు: తొమ్మిదేండ్ల పెద్దపిల్ల, ఏడేండ్ల నడిమివాడు, నాలుగేండ్ల బుడతడు. ఇంటిలో మాది మార్వాడీ. నాకు దుకాణము నేర్పిన భాష తెలుగు. పిల్లలకు వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు. ఇంటిలో నన్ను "దాదా" అని పిలుతురు గాని, వీధిలోనికి రాగానే "తాతయ్యా" అని కేకవేయుదురు. ఎందుకని అడుగగా, "దాదా అంటే ఇక్కడ రౌడీ అనుకుంటారు" అని నడిమివాడు జవాబు చెప్పెను. ఈ ముగ్గురితో తిరిగిన కొన్ని విహారములను, వానినుండి తేలిన పాఠములను ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆగమములో ఒక పిల్లవాడు

ముందుగా శ్వేతాంబర ఆగమములలోని ఒక కథ. పోలాసపురమును విజయుడను రాజు పాలించుచుండెను. ఆయన రాణి శ్రీదేవి. వారి కుమారుడు అతిముక్తుడు. మన ఇండ్లలో ఐముత్తా అని చెప్పుకొందుము. ఒకనాడా బాలుడు తోడిపిల్లలతో ఆడుకొనుచుండగా భగవాన్ మహావీరుని ప్రథమ గణధరుడగు గౌతమస్వామి భిక్షకై ఆ దారిని వచ్చెను. పిల్లవాడు ఆట విడిచి ఎదురుగా పోయి, మీరెవరు, ఎందుకు తిరుగుచున్నారని అడిగెను. మేము శ్రమణులము, భిక్షకై తిరుగుచున్నామని గౌతమస్వామి చెప్పెను. అట్లయిన మా యింట ఇప్పించెదను రండని, ఆ బాలుడు గౌతమస్వామి వ్రేలు పట్టుకొని ఇంటికి తీసికొనిపోయెను. పిమ్మట ఆయనతో మహావీరుని సన్నిధికి పోయి, ధర్మము విని, దీక్ష కోరెను. పసివాడవు, నీకేమి తెలియునని తల్లిదండ్రులు అడుగగా, తనకు తెలిసినదే తెలియదని, తెలియనిదే తెలియునని చమత్కారముగా పలికెను. పుట్టినవారు పోవుట తెలియును గాని ఎప్పుడు పోవుదురో తెలియదని అందలి భావము. ఈ భాగము అంతకృద్దశా సూత్రములో ఉన్నది.

భగవతీ సూత్రములో ఆ బాలమునిని గూర్చి మఱియొక ఘట్టము కలదు. పెద్దవాన కురిసిన పిమ్మట ఆయన బయటికి పోయి, పారుచున్న నీటికి మట్టితో కట్ట వేసి, తన పాత్రను నీటిపై వదలి, దానిని పడవ పడవ యని పిలుచుచు ఆడుకొనెను. వాననీటిని తాకుట మునికి తగదు గదా! పెద్ద సాధువులు చూచి కలతపడి, ఈ పసివాడు ఎన్ని జన్మలకు ముక్తుడగునని మహావీరుని అడిగిరి. ఈ జన్మలోనే ముక్తుడగునని, అతనిని చులకనచేయక, నిందింపక, విసుగులేక ఆదుకొనవలెనని భగవానుడు వారికి చెప్పెను.

తాతలు ఈ కథనుండి గ్రహింపవలసినవి రెండు. అంతటి గణధరుడు ఒక పసివాడు వ్రేలు పట్టుకొనగా విడిపించుకొనలేదు; వాడు చూపిన దారినే నడచెను. ఇది మొదటిది. పడవాటను చూచి కలతపడిన పెద్దలకు భగవానుడు ఆ పిల్లవానిని ఎట్లు చూడవలెనో చెప్పెను. ఇది రెండవది.

మొదటి విహారము: చీమల ఆట

యలహంక పాతవూరు. 1537లో బెంగుళూరును కట్టించిన కెంపేగౌడ యలహంక నాడప్రభువుల వంశమువాడు. ఆయన తెలుగున గంగాగౌరీవిలాసమను యక్షగానమును రచించెనని చెప్పుదురు. పాతవూరి వీధులలో నడచునప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పుచుందును. తాత మాటలాడు తెలుగు ఈ నేలకు క్రొత్త కాదని వారికి తెలియవలెను గదా.

సాధువులు నడచునప్పుడు ముందు కాడి పొడవంత నేలను చూచుచు అడుగు వేయుదురు. దానిని ఇర్యాసమితి యందురు. "నేల చూచి నడువుము" అని పిల్లలతో చెప్పిన వారు ఆకాశము చూచెదరు. కావున మేము దానిని ఆటగా మార్చితిమి. చీమలబారును ముందుగా చూచినవారు "ఆగు" అని కేకవేయవలెను. అందరును నిలిచి, దానిని దాటి అడుగు వేయవలెను. చూచినవారికి ఒక మార్కు. ఆ జీవికి ఎన్ని ఇంద్రియములో సరిగా చెప్పిన మఱియొక మార్కు.

లెక్క పాఠకులకు తెలిసినదే. చెట్టు చేమలకు స్పర్శ యొక్కటే. వానపామునకు, జలగకు, నత్తకు స్పర్శయు రుచియు కలసి రెండు. చీమకు, చెదపురుగునకు వాసనతో మూడు. ఈగకు, దోమకు, తేనెటీగకు చూపుతో నాలుగు. పక్షికి, చేపకు, పశువునకు, మనకు వినికిడితో ఐదు. ఈ పట్టికను పుస్తకములో చూచి నేర్చిన పిల్లలు పరీక్ష కాగానే మరచెదరు. వీధిలో మార్కులకై నేర్చినది మరువరు.

ఆ ఆటవలన అర కిలోమీటరు నడచుటకు మాకు గంట పట్టెను. నలుగురము తలలు వంచి నేలను వెదకుట చూచి ఒక ఆటో డ్రైవరు ఆగి, "ఏనాదరూ కళ్కొండ్రా, తాతా?" అని కన్నడములో అడిగెను, ఏమైనా పోగొట్టుకొంటిరా అని. "ఇల్ల, సిక్తు!" అని బుడతడు జవాబు చెప్పెను, లేదు, దొరికింది అని. ఏమి దొరికెనో చూచుటకు ఆయన దిగివచ్చెను. చీమలను చూపగా నవ్వి, ఆటోను ప్రక్కగా తిప్పుకొని పోయెను.

ఇంతలో ఒక దోమ బుడతని చెంపపై వ్రాలెను. "నాలుగు ఇంద్రియాలు!" అని నడిమివాడు అరచెను. పెద్దపిల్ల దానిని ఊదివేసెను. మార్కు చెప్పినవానికా, ఊదినదానికా అని తగవు వచ్చెను. "కుట్టింది నన్ను. మార్కు నాకే" అని బుడతడు తీర్పు చెప్పెను.

ఇంటికి వచ్చి ఇరియావహియ సూత్రము పఠించితిమి. రాకపోకలలో కాలిక్రింద నలిగిన జీవులకు క్షమాపణ చెప్పుకొను సూత్రమిది. అందు గింజలు, పచ్చిక, మంచు, పుట్టలు, పాచి, తడిమట్టి, సాలెగూడు వరుసగా చెప్పబడినవి. పెద్దపిల్ల దానిని అదివరకు గడగడ అప్పగించుచుండెడిది. ఆనాడు నడుమ నిలిచి, "తాతయ్యా, ఇవన్నీ మన వీధిలో ఉన్నవే!" అనెను. సూత్రము ఇంటికి చేరినది ఆ నాడే.

రెండవ విహారము: ఒంటికాలి పందెము

యలహంకలో పుట్టేనహళ్ళి చెఱువు కలదు. 2015లో కర్ణాటక ప్రభుత్వము దానిని పక్షుల సంరక్షణ ప్రదేశముగా ప్రకటించెను.  కొంగలు, నీటికాకులు అచ్చట గుంపులుగా కనబడును.

కొంగలు ఒంటికాలిపై నిలుచుట చూచి పిల్లలును ఒంటికాలిపై నిలిచిరి. నన్నును నిలువుమనిరి. పెద్దపిల్ల యాబదియైదు లెక్కించువరకు, నడిమివాడు నలుబది వరకు నిలిచిరి. బుడతడు పదివరకు నిలిచెను. అంతకుమించి వానికి లెక్క రాదు. నేను కంచె పట్టుకొని ఏడువరకు నిలిచితిని. కంచె పట్టుకొన్నందుకు అందులో మూడు తగ్గించిరి.

ఆ సందున వారికి జ్ఞాతాధర్మకథా సూత్రములోని ఏనుగు కథ చెప్పితిని. అడవిలో కార్చిచ్చు పుట్టెను. జంతువులన్నియు ఒక మైదానమున క్రిక్కిరిసి చేరెను. ఒక ఏనుగు దురద తీర్చుకొనుటకు కాలెత్తెను. ఆ ఖాళీ చోటులోనికి ఒక కుందేలు వచ్చి కూర్చుండెను. కాలు దించిన కుందేలు నలుగును. ఏనుగు కాలు దించలేదు. రెండున్నర దినములు అట్లే నిలిచెను. మంట ఆరి, జంతువులు వెడలిపోయిన పిమ్మట కాలు దించబోయి, అది మొద్దుబారి యుండుటచే కూలిపడి ప్రాణము విడిచెను. ఆ జీవమే మఱుజన్మమున శ్రేణికరాజు కుమారుడు మేఘకుమారుడై పుట్టెను.

పిల్లలు కొంతసేపు మాటలాడలేదు. "రెండున్నర రోజులంటే ఎన్ని సెకన్లు?" అని నడిమివాడు అడిగెను. రెండు లక్షల పదియారువేలని వ్రేళ్ళపై లెక్కించి చెప్పితిని. వ్యాపారికి ఆమాత్రము లెక్క రావలెను. వాడు తన నలుబదిని తలచుకొని, "ఏనుగే గెలిచింది" అనెను.

అంతలో ఒక కొంగ నత్తను ముక్కున కరచుకొనెను. "తాతయ్యా, రెండు ఇంద్రియాల జీవాన్ని చంపుతోంది! తరిమేద్దామా?" అని నడిమివాడు రాయికై వెదకెను. ఇట్టి ప్రశ్నను దాటవేయరాదు. "కొంగకు వేరే తిండి తెలియదు, దానికి నియమము లేదు. మనకు వేరే తిండి తెలియును, అందుచేత నియమము మనది. రాయి వేస్తే ఆ కొంగను కొట్టినవాడివి నువ్వు అవుతావు" అని చెప్పితిని. వాడు రాయిని మెల్లగా క్రింద పెట్టెను. దానిక్రింద చీమలున్నవేమోనని చూచి మరీ పెట్టెను.

హిందూపురము సమీపమున వీరాపురమను గ్రామము కలదు. ప్రతి సంవత్సరము ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఆ యూరి చింతచెట్లపై గూళ్ళు కట్టును. గ్రామస్థులు వానిని అతిథులవలె కాపాడుచున్నారు. దయ మన సంఘమునకు మాత్రమే దక్కిన ఆస్తి కాదని పిల్లలకు తెలియుటకై ఈ సంగతియు చెప్పవలెను.

మూడవ విహారము: విమానములు, అప్పడములు

1996 నుండి రెండేండ్లకొకసారి యలహంక వైమానిక స్థావరమున ఏరో ఇండియా అను విమానముల ప్రదర్శన జరుగుచున్నది. ముందు కొన్ని దినములు విమానములు మా యిండ్లమీదుగా ఎగిరి సాధన చేయును. మేడమీదికి ఎక్కుటయే మాకు విహారము.

2025లో ఒకనాడు నానమ్మ మేడపై అప్పడములు ఎండబెట్టి, కాకులు రాకుండ చూచుటకు మా నలుగురిని కాపలా ఉంచెను. ఒక యుద్ధవిమానము నెత్తిమీద గర్జించుచు పోయెను. నలుగురము చెవులు మూసికొని నోళ్ళు తెరచి ఆకాశము చూచితిమి. క్రిందికి చూచునప్పటికి చాప సగము ఖాళీ. నానమ్మ వచ్చి చూచి, "కాకికి ఐదు ఇంద్రియాలూ ఉన్నాయి. మీ నలుగురికీ కలిపి ఒక్కటీ లేదు" అనెను. ఆ నాటి మార్కులన్నియు కాకులకే పోయెను.

ఆ దినములలోనే పిల్లలు మఱియొకటి గమనించిరి. దారిలోని మాంసపు దుకాణములు మూసియున్నవి. "తాతయ్యా, వాళ్ళంతా జైనులైపోయారా?" అని నడిమివాడు అడిగెను. సంగతి ఇది. మాంసపు వ్యర్థములకు గద్దలు మూగును; అవి ఎగురుచు విమానములకు తగిలిన ప్రమాదము. అందుచేత ప్రదర్శన సమయమున నగరపాలక సంస్థ స్థావరము చుట్టుప్రక్కల మాంసము అమ్మకమును ఆపించుచున్నది. 2023లో పది కిలోమీటర్ల పరిధిలోను, 2025లో పదమూడు కిలోమీటర్ల పరిధిలోను ఆపించినది. ప్రదర్శన ముగియగానే తలుపులు తెరచుకొనును.

ఇంతకంటె సులభముగా ద్రవ్యమునకు, భావమునకు భేదము చెప్పు ఉదాహరణ నాకు వేరొకటి దొరకలేదు. బయట కనబడు త్యాగము ద్రవ్యత్యాగము, మనస్సులోనిది భావత్యాగము. "ఇప్పుడు దుకాణములు మూసినది విమానమునకు దెబ్బ తగులునను భయముచేత, కోడిమీద దయచేత కాదు. భయము పోగానే తలుపు తెరచుకొనును. దయతో మూసిన తలుపైతే మూసియే యుండును. మనము రాత్రిపూట తినకపోవుట కూడ అంతే. నానమ్మ చూచుననియా, లేక మనకే తెలిసియా?" అని అడిగితిని.

నడిమివాడు "నానమ్మ చూస్తుందనే" అని నిజము చెప్పెను. పెద్దపిల్ల ఏమియు మాటలాడలేదు.

నాలుగవ విహారము: చక్రము

పిల్లలకు రైలుస్టేషనుకంటె మంచి వినోదము లేదు. యలహంకనుండి దొడ్డబళ్ళాపురము, హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల మీదుగా గుంతకల్లునకు పోవు దారి మా ఆదోనికి పోవు దారియే. పెనుకొండలో ప్రాచీనమైన పార్శ్వనాథాలయము కలదు. రైలు అచ్చట ఆగినప్పుడు చేతులు జోడించుట మా యింటి అలవాటు.

"ఇంజను అరుస్తుంది, పరుగెడుతుంది. దానికి ఎన్ని ఇంద్రియాలు?" అని బుడతడు అడిగెను. ఒక్కటియు లేదు, అది అజీవము, పుద్గలమని చెప్పితిని. నమ్మలేదు. అప్పుడు చక్రముల సంగతి ఎత్తితిని. యలహంకలో రైలు చక్రముల కర్మాగారము 1984 నుండి పనిచేయుచున్నది. ఇనుప తుక్కును విద్యుత్తు కొలిమిలో కరిగించి, గ్రాఫైటు అచ్చులలో పోసి క్రొత్త చక్రములు చేయుదురు. ఆ తుక్కులో అరిగిపోయిన పాత చక్రములును ఉండును.

తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి ఆచార్యుడు సత్తు స్వరూపమును చెప్పుచు పుట్టుట, పోవుట, నిలుచుట అను మూడును కలసియుండునని బోధించెను. పండితులు బంగారు కుండను కరిగించి కిరీటము చేసిన దృష్టాంతము చెప్పుదురు. యలహంక పిల్లలకు రైలుచక్రము చాలును. పాతచక్రమను రూపము పోయినది, క్రొత్తచక్రమను రూపము పుట్టినది, ఇనుము నిలిచినది.

"అయితే మీరు చిన్నప్పుడు ఆదోనిలో ఎక్కిన రైలు చక్రం ఇప్పుడు ఈ రైలుకి ఉండొచ్చా?" అని నడిమివాడు అడిగెను. ఉండవచ్చునంటిని. వాడు వంగి ఆ చక్రమును గౌరవముగా చూచెను. పెద్దపిల్ల, "మరి మీరు, తాతయ్యా? మిమ్మల్నీ మళ్ళీ పోత పోస్తారా?" అని అడిగెను. శరీరము కరిగిపోవును, ఆత్మ నిలుచును, ఏ అచ్చులో పడుదునో నేనిప్పుడు చేయు పనులనుబట్టి యుండునని చెప్పితిని. "విమానం అచ్చులో పడండి" అని బుడతడు సలహా ఇచ్చెను.

ఐదవ విహారము: బస్సులో చౌవిహారము

మా పెద్దపిల్ల వద్ద ఎర్రగుడ్డ అట్ట గల పాత బహీఖాతా ఒకటి కలదు. నా దుకాణములో మిగిలినది. దానిలో ఆమె సూర్యాస్తమయ సమయములను వ్రాయుచున్నది. బెంగుళూరులో నవంబరున సుమారు 5-50కే సూర్యుడు అస్తమించును. జూలై మొదట సుమారు 6-50 వరకు ఉండును. ఏడాదిలో గంట తేడా. చౌవిహారము పాటించు ఇంటిలో ఈ గంటను పిల్లలు కనిపెట్టియుండుట మంచిది. "భోజనానికి రా" అని పదిమార్లు పిలువవలసిన పని తప్పును.

ఒక నవంబరున దేవనహళ్ళిలోని పార్శ్వనాథ మందిరమును దర్శించి బస్సులో తిరిగి వచ్చుచుంటిమి. ఇంటికి చేరి తినవచ్చునను అంచనా వాహనముల రద్దీలో చిక్కుకొనెను. 5-30 అయినది; బస్సు కదలలేదు. పెద్దపిల్ల బహీఖాతా తెరచి, "ఇరవై నిమిషాలే ఉన్నాయి" అని ప్రకటించెను. డబ్బా విప్పితిమి: ఖాఖ్రా, మెంతి తేప్లా, కాచి చల్లార్చిన నీళ్ళు. నడిమివాడు గడియారము చూచి నిమిషము నిమిషము కేకవేసెను. ప్రక్కసీటువారు ఏమి పందెమని అడిగిరి. బుడతడు వారికి తన భాషలో వివరించి ఖాఖ్రా పంచసాగెను. చివరి నిమిషములను బస్సులో సగముమంది మాతో కలసి లెక్కించిరి. సూర్యుడు దిగునప్పటికి ఎనిమిదిమంది ప్రయాణికులు ఖాఖ్రా తినిరి. నాకు సగము ముక్క దక్కెను. నియమము ఆ సాయంకాలము ముగ్గురు పిల్లలకును శిక్షగా తోచలేదు, పండుగగా తోచెను.

ఆఱవ విహారము: కాగితపు పడవ

ఒక అక్టోబరు సాయంకాలము పెద్దవాన కురిసి వెలిసెను. గేటు ముందు నీరు పారుచుండెను. పిల్లలు పడవలు వేయుదుమనిరి. నీటిలోను జీవములుండుట వారికి తెలియును. అందుచేత ముగ్గురును నా మొగము చూచిరి. నేను వద్దనలేదు, ఎన్ని పడవలని అడిగితిని. బుడతడు వంద అనెను. గృహస్థుని వ్రతములకు మూలము పరిమాణము. సాధువు పూర్తిగా విడుచును. మనము హద్దు పెట్టుకొందుము. చివరకు మనిషికి ఒక్క పడవ అని ఒప్పందము కుదిరెను. పాత బిల్లుకాగితములతో నాలుగు పడవలు చేసితిమి, నాలుగవది నాది. నాది అందరికంటె ముందు మునిగెను.

అరుగుపై కూర్చుండి అతిముక్తుని కథ చెప్పితిని. చెప్పుట ముగిసినను పెద్దపిల్ల లేవలేదు. తమ్ములు లోనికి పోయిన పిమ్మట మెల్లగా, "తాతయ్యా, మొన్న నా స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళాను కదా. చీకటి పడ్డాక కేకు తిన్నాను. ఆలూ చిప్స్ కూడా. అడిగితే పెద్దవాళ్ళు పాపం అంటారని ఇంట్లో చెప్పలేదు" అనెను.

ఇచ్చట పాఠకులు ఒక క్షణము ఆగి ఆలోచింపవలెను. తిన్నది ఒక ముక్క కేకు, గుప్పెడు చిప్సు. దానికంటె బరువైనది చెప్పకపోవుట. నెలలు గడచిన కొలది అది అలవాటగును. ఇంటిలో ఒక మొగము, బయట ఒక మొగము ఏర్పడును. పిమ్మట ఎన్ని సూత్రములు కంఠస్థము చేయించినను ప్రయోజనము లేదు. గురువునెదుట తన దోషమును చెప్పుకొనుటను మనవారు ఆలోచన యందురు. అది ఎట్లుండవలెనో చెప్పుచు పూర్వాచార్యులు పసిపిల్లనే ఆదర్శముగా చూపిరి: శిశువు చేసినది చేయనిది తల్లితో దాపరికములేక చెప్పునట్లు పెద్దవారు చెప్పవలెనని. పెద్దలు పిల్లలనుండి నేర్వవలసిన ఆ గుణమును, మన కోపముచేత పిల్లలలోనే చంపినయెడల మిగులునదేమి?

"చెప్పినావు కదా, మంచిపని చేసినావు. ఇప్పుడేమి చేద్దాము?" అని మాత్రము అడిగితిని. ఆమె ఆలోచించి, రోజూ నవకారసి చేయుదుననెను. సూర్యోదయమైన 48 నిమిషములవరకు ఏమియు తినకుండుట పిల్లలకు తగిన నియమమే. చౌవిహారము వారమునకు ఐదు దినములు తప్పక చేయుదునని, బహీఖాతాలో తానే జమ ఖర్చు వ్రాసికొందునని చెప్పెను. తక్కిన రెండు దినములు ఎందుకని నేను అడుగలేదు. ఐదు ఆమెవి, ఏడు చేయించిన అవి నావి అగును.

నానమ్మకు ఈ సంగతి పెద్దపిల్ల తానే చెప్పెను. నానమ్మ వినినది, మఱునాడు ఒక డబ్బా నిండ అరటికాయ చిప్సు వేయించినది. తరువాతి పుట్టినరోజు వేడుకకు ఆ డబ్బా వెళ్ళినది, ఖాళీగా తిరిగి వచ్చినది. ఆ స్నేహితురాలి తల్లి అటుపిమ్మట కేకు కోయు సమయమును ముందునకు జరిపి మాకు కబురు పంపెను. కొన్ని నెలలకు బహీఖాతాలో ఐదు ఆఱయినది. ఎవరును చెప్పలేదు.

ఆచరణకు కొన్ని సూచనలు

1. వారమున రెండు సాయంకాలములైనను మనుమలకు కేటాయింపుడు. బేరమువలెనే ఇదియు వేళకు జరుగవలెను.

2. దారి పిల్లలను ఎన్నుకొననిండు. గౌతమస్వామి బాలుని వెంట నడచిన సంగతి మరువరాదు.

3. ఒక విహారమునకు ఒక పాఠమే చాలును. రెండవది చెప్పబోవునప్పటికి పిల్లలు ఐస్క్రీము బండిని చూచుచుందురు.

4. ఉదాహరణలు పుస్తకమునుండి గాక వీధినుండి తీసికొనుడు. మీ యూరిలో చక్రముల కర్మాగారము లేకున్నను కుమ్మరి సారెయో కంసాలి కొలిమియో ఉండును.

5. పిల్లల ప్రశ్నను చూచి నవ్వరాదు. పిల్లలతో కలసి మనలను చూచి నవ్వుకొనవచ్చును. ఒంటికాలిపై నిలువలేని తాతను చూచి నవ్విన పిల్లలు ఆయన మాటను వినుదురు.

6. నియమము చిన్నదిగా, గడువు గలదిగా, పిల్లలు తామై కోరినదిగా ఉండవలెను. లెక్క వారి చేతనే వ్రాయింపుడు.

7. పిల్లలు తప్పు చెప్పుకొన్నపుడు మొదటి మాట కోపముగా రానీయకుడు. ఆ మొదటి మాటమీదనే రెండవసారి చెప్పుటయో మానుటయో నిశ్చయమగును.

8. సంవత్సరి దినమున పిల్లలు వచ్చి మిచ్ఛామి దుక్కడం చెప్పువరకు వేచియుండక, పెద్దలే ముందుగా వారికి చెప్పవలెను. క్షమాపణ కోరుట చిన్నతనము కాదని వారు మనలను చూచియే నేర్చుకొందురు.

మన పూర్వులు ఎడారి దాటి, నదులు దాటి ఈ తెలుగునేలకు వ్యాపారమునకై వచ్చినప్పుడు వెంట తెచ్చిన మూలధనము కొంచెమే. నమ్మకము, నోటిమాట, నియమము అందు ముఖ్యమైనవి. దుకాణమును వ్రాతపూర్వకముగా కుమారునికి ఇచ్చుచున్నాము. ఈ మూడింటిని వ్రాసి ఇచ్చు పత్రము లేదు. అవి నడచుచు, ఆగుచు, చీమలను దాటుచు చేతినుండి చేతికి అందవలసినవి. తాతకు కాళ్ళు ఆడుచుండగనే, మనుమలకు తాత వ్రేలు కావలసియుండగనే ఆ పని జరుగవలెను. ఆ కాలము చాల కొద్దిది.

జయ జినేంద్ర.